గ్రీకు చరిత్ర రచనలో భాషణ క్రియలు: సాక్ష్యం, బాధ్యత

ఉపోద్ఘాతం

క్రీ.పూ. 431-430 శీతకాలంలో, పెలొపొనీసియన్ యుద్ధం మొదటి సంవత్సరం ముగుస్తున్న వేళ, ఏథెన్స్ నగరం తన మృతవీరులకు ప్రభుత్వపరంగా అంత్యక్రియలు జరిపింది. ఆ సందర్భంలో పెరిక్లీస్ చేసిన ప్రసంగం ప్రజాస్వామ్య భావనను గురించిన చర్చలన్నింటిలోనూ నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ‘పెరిక్లీస్ ఇలా అన్నాడు’ అంటూ అందులోని వాక్యాలను ఉదాహరించడం పరిపాటి. ఆ ప్రసంగం నేటి పాఠకునికి అందింది మాత్రం థుసిడైడిస్ చరిత్ర గ్రంథం ద్వారానే. దానిని ప్రవేశపెడుతూ ఆయన వాడిన పదాలు రెండే: ‘ఎలెగె తొయాదె’. మొదటిది ‘చెప్పసాగాడు’ అనే క్రియ. రెండవది ‘ఇటువంటివి’ అనే సర్వనామం. ‘ఈ మాటలు చెప్పాడు’ అని ఆయన వ్రాయలేదు, ‘ఇటువంటి మాటలు చెప్పసాగాడు’ అని వ్రాశాడు. ఈ రెండింటి మధ్య ఉన్న భేదాన్ని విస్మరిస్తే చరిత్రకారుడు ఇవ్వని హామీని ఆయనకు అంటగట్టినట్లవుతుంది.

గ్రీకు చరిత్రకారుల ప్రసంగాల ప్రామాణికతపై జరిగిన చర్చ విస్తారమైనది. అవి యథాతథ నివేదికలని కొందరు, చరిత్రకారుల సొంత కల్పనలని కొందరు వాదించారు. ఈ వాదాలు ఎక్కువగా థుసిడైడిస్ తన పద్ధతిని వివరించిన ఒక అధ్యాయం చుట్టూనే తిరుగుతాయి. అయితే చరిత్రకారుడు తన బాధ్యత పరిధిని ఆ ఒక్క అధ్యాయంలోనే ప్రకటించి ఊరుకోలేదు. ఒక వ్యక్తి నోట మాటను, ఒక జాతి నోట కథను ప్రవేశపెట్టే ప్రతిచోటా ఆయన ఒక క్రియను, ఒక నిర్మాణాన్ని ఎన్నుకున్నాడు. ఆ ఎంపికే ఆయా మాటలకు ఆయన ఎంతవరకు పూచీపడుతున్నాడో తెలుపుతుంది. హెరొడోటస్, థుసిడైడిస్, జెనోఫన్, పోలిబియస్ రచనల నుండి కొన్ని సందర్భాలను తీసుకొని ఈ అంశాన్ని నిరూపించడం, వాటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే సమస్యను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

భాషణ క్రియలు: రూపం, నిర్మాణం

ప్రాచీన గ్రీకు గద్యంలో ‘చెప్పు, అను’ అనే అర్థంలో తరచుగా కనిపించే క్రియలు మూడు. మొదటిది ‘లెగో’. దీనికి ఏరు, లెక్కించు అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘లోగోస్’ అనే ప్రసిద్ధ పదం దీనికి సంబంధించినదే. రెండవది ‘ఫేమి’. ఇది ఒక విషయాన్ని నొక్కి చెప్పడం, అవునని అనడం అనే ఛాయ గల క్రియ. మూడవది ‘ఎయ్‌పోన్’. దీనికి వర్తమాన రూపం లేదు. లెగో, ఫేమి వంటి క్రియలకు తోడుగా భూతకాలంలో వాడుక అవుతుంది.

ఈ మూడింటి భేదం అర్థంలో కంటె అవి కోరే వాక్య నిర్మాణంలో స్పష్టంగా కనిపిస్తుంది. ‘ఫేమి’ తరువాత వచ్చే విషయం సాధారణంగా అసమాపక రూపంలో ఉంటుంది. అంటే చెప్పబడిన విషయంలోని కర్త ద్వితీయావిభక్తిలోనూ, క్రియ పురుష వచనాలు లేని రూపంలోనూ ఉంటాయి. ‘ఎయ్‌పోన్’ తరువాత ‘హొతి’ అనే అవ్యయం, దాని వెంట సమాపక క్రియ గల పూర్తి వాక్యం రావడం పరిపాటి. ‘లెగో’ రెండు నిర్మాణాలనూ అంగీకరిస్తుంది. దాని కర్మణి రూపమైన ‘లెగెతై’, అంటే ‘చెప్పబడుతున్నది’, ఎక్కువగా అసమాపక నిర్మాణాన్నే కోరుతుంది.

అసమాపక నిర్మాణం చరిత్రకారునికి ఒక ప్రత్యేక సౌకర్యాన్ని కలిగించింది. ఒక్కసారి ‘చెబుతారు’ అనే క్రియను వాడి, ఆపై ఎన్ని వాక్యాలైనా అసమాపక రూపాలలోనే సాగించవచ్చు. కథ ముందుకు సాగుతున్నంతసేపూ అది ఇతరుల మాట అనే గుర్తు ప్రతి క్రియ మీదా ఉంటుంది. సమాపక క్రియ తిరిగి వచ్చిన చోట రచయిత తన సొంత గొంతుతో మాట్లాడుతున్నాడని శ్రోత గ్రహిస్తాడు. విరామచిహ్నాలు, ఉద్ధరణ చిహ్నాలు లేని కాలంలో, గ్రంథాన్ని బిగ్గరగా చదివి వినిపించే సమాజంలో ఈ వ్యాకరణ సంకేతం ఎంత అవసరమో ఊహించవచ్చు.

కాలభేదం కూడా గమనించదగినది. ‘ఎలెగె’ అసంపూర్ణ భూతకాల రూపం. మాట సాగుతున్న స్థితిని అది చూపుతుంది. ‘ఎలెక్సె’, ‘ఎయ్‌పె’ అనేవి అఓరిస్ట్ రూపాలు. ఇవి మాటను ముగిసిన ఒకే చర్యగా చూపుతాయి. థుసిడైడిస్ గ్రంథం మూడవ భాగంలో మితిలీనీ ప్రజల శిక్షను గురించిన చర్చలో క్లెయోన్ ప్రసంగమూ, దానికి డయొడోటస్ ఇచ్చిన సమాధానమూ ‘ఎలెగె’తో ఆరంభమై ‘ఎయ్‌పె’తో ముగుస్తాయి. వక్త లేచి మాట్లాడడం మొదలుపెట్టిన క్షణం నుండి మాట పూర్తయిన క్షణం వరకు గల కాలమంతా ఆ రెండు క్రియల నడుమ ఇమిడిపోయింది. ఇది ప్రతిచోటా పాటించిన నియమం కాదు. ఆరంభంలోనే అఓరిస్ట్ రూపాన్ని వాడిన ప్రసంగాలూ ఉన్నాయి. అయినా ఈ అమరిక తరచుగా కనిపిస్తుంది.

హెరొడోటస్: ‘చెబుతారు’ అనే సరిహద్దు

హెరొడోటస్ గ్రంథం ఇతరుల మాటతోనే మొదలవుతుంది. గ్రీకులకూ పర్షియన్లకూ మధ్య వైరానికి కారకులు ఫినీషియన్లని పర్షియన్ పండితులు అంటారని చెబుతూ ఆయన ‘ఫసి’ అనే క్రియను వాడాడు. ఇది ‘ఫేమి’ బహువచన రూపం. ఆర్గోస్ రాకుమారి ఇయోను ఫినీషియన్ వర్తకులు అపహరించిన కథ, దానికి ప్రతీకారంగా జరిగిన ఇతర అపహరణల కథలు ఈ క్రియ నీడలోనే నడుస్తాయి. ఇయో విషయంలో ఫినీషియన్లు పర్షియన్ల కథనాన్ని అంగీకరించరని కూడా ఆయన నమోదు చేశాడు. ఆ తరువాత, ఇవి ఇలా జరిగాయని గాని మరోలా జరిగాయని గాని తాను చెప్పబోవడం లేదని ప్రకటించి, గ్రీకులకు మొదట అన్యాయం చేసినట్లు తనకు స్వయంగా తెలిసిన వ్యక్తి వద్దకు కథను మళ్లించాడు. ఆ వ్యక్తి లిడియా రాజు క్రీసస్. ‘ఫసి’ నుండి ‘ఓయ్‌ద’కు, అంటే ‘అంటారు’ నుండి ‘ఎరుగుదును’కు జరిగిన ఈ మార్పు ఆయన చరిత్ర రచనకు తలవాకిలి వంటిది.

మొదటి గ్రంథంలోనే వచ్చే అరియోన్ కథ ఈ పద్ధతికి చక్కని నిదర్శనం. మెథిమ్నా వాసి అయిన అరియోన్ అనే గాయకుడు ఇటలీలోని తరాస్ నుండి కొరింథ్‌కు ఓడలో వస్తాడు. ధనం కోసం నావికులు అతనిని చంపబోతారు. చివరిసారిగా పాడి అతడు సముద్రంలో దూకుతాడు. ఒక డాల్ఫిన్ అతనిని వీపున మోసి తెనారమ్ తీరానికి చేరుస్తుంది. ఈ కథను కొరింథ్ వారు చెబుతారని, లెస్బోస్ వారు వారితో ఏకీభవిస్తారని హెరొడోటస్ మొదటే తెలిపాడు. ఆపై కథ అసమాపక రూపాలలో నడిచింది. కథ చివర కొరింథ్ వారూ లెస్బోస్ వారూ చెప్పేది ఇదని మరొకసారి గుర్తుచేసి, తెనారమ్‌లో అరియోన్ సమర్పించిన కంచు విగ్రహం ఒకటి ఉన్నదని సమాపక క్రియతో చెప్పాడు. డాల్ఫిన్ ప్రయాణానికి పూచీ కొరింథ్ వారిది, లెస్బోస్ వారిది. విగ్రహం ఉన్నదన్న మాటకు పూచీ హెరొడోటస్‌ది. కథను కాదనకుండా, అవుననకుండా, వ్యాకరణంతోనే ఆయన హద్దు గీశాడు.

తన బాధ్యతను గురించి ఆయన నేరుగా చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఈజిప్టును వర్ణించే రెండవ గ్రంథంలో ఒకచోట ఆగి, అంతవరకు చెప్పినవి తన చూపు, తన నిర్ణయం, తన విచారణ చెప్పిన మాటలని, ఇకపై ఈజిప్షియన్ల కథనాలను విన్నవి విన్నట్లు చెబుతానని ప్రకటించాడు (2.99). ఏడవ గ్రంథంలో ఇంకా సూటిగా, చెప్పుకొనే మాటలను చెప్పడం తన విధి అని, వాటినన్నింటినీ నమ్మడం మాత్రం తన విధి కాదని, ఈ సూత్రం తన గ్రంథం మొత్తానికి వర్తిస్తుందని స్పష్టపరిచాడు (7.152).

ఇక్కడ రెండు సందర్భాలను పోల్చి చూడవలసి ఉన్నది. నాల్గవ గ్రంథంలో సిథియన్ల మూలపురుషుడు జ్యూస్ దేవుని కుమారుడన్న కథను చెబుతూ, అది తనకు నమ్మశక్యం కాదని, అయినా వారు చెబుతారని వ్రాశాడు. అక్కడి పదాలు ‘లెగూసి ద్ ఓన్’. మూడవ గ్రంథంలో ఏడుగురు పర్షియన్ ప్రముఖులు రాజ్యపాలన ఎలా ఉండాలని చర్చించిన ఘట్టం వస్తుంది. ఓటనీస్ ప్రజాపాలనను, మెగబైజస్ కొద్దిమంది పాలనను, డరియస్ ఏకరాజ పాలనను సమర్థిస్తారు. పర్షియన్లు ఇలా మాట్లాడారంటే కొందరు గ్రీకులు నమ్మరని, అయినా ఆ మాటలు పలకబడ్డాయని హెరొడోటస్ పట్టుబట్టాడు. అక్కడి పదాలు ‘ఎలెఖ్థేసన్ ద్ ఓన్’. ఒకే క్రియ, ఒకే అవ్యయం. అయినా పూచీ వేరు. మొదటి వాక్యం సిథియన్లు ఆ కథ చెబుతారని మాత్రమే ధ్రువీకరిస్తుంది. రెండవ వాక్యం పర్షియన్లు ఆ మాటలు నిజంగా పలికారని ధ్రువీకరిస్తుంది. వర్తమానంలోని కర్తరి బహువచనానికీ, భూతకాలంలోని కర్మణికీ మధ్య చరిత్రకారుని బాధ్యత ఒక మెట్టు మారింది. రెండవ వాదాన్ని ఆధునిక పండితులు అధికభాగం అంగీకరించరు. ఆ చర్చలోని భావాలు క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు ఆలోచనకు దగ్గరగా ఉన్నాయన్నది వారి అభ్యంతరం. ఆ అభ్యంతరం హెరొడోటస్ కాలంలోనే ఉండేదని ఆయన వాక్యమే సాక్ష్యమిస్తున్నది.

నమ్మని మాటను సైతం చెప్పినవారి పేరుతో నిలిపి ఉంచడంలోని విలువ మరొక ఉదాహరణలో బయటపడుతుంది. ఈజిప్టు రాజు నెఖో పంపగా ఫినీషియన్ నావికులు ఎర్ర సముద్రం నుండి బయలుదేరి లిబియాను, అంటే నేటి ఆఫ్రికా ఖండాన్ని, చుట్టివచ్చారని హెరొడోటస్ తెలిపాడు (4.42). ఆ ప్రయాణంలో సూర్యుడు తమకు కుడివైపున ఉండేవాడని వారు ‘ఎలెగోన్’, అంటే ‘చెబుతూ వచ్చారు’. తాను ఆ మాట నమ్మలేదని, మరొకరు నమ్మవచ్చునని ఆయన వ్యాఖ్య. భూమధ్యరేఖకు దక్షిణంగా పడమటి దిశలో సాగే నావకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన, అంటే కుడివైపున కనిపించడం సహజం. ఆ యాత్ర జరిగిందా లేదా అన్న వివాదం నేటికీ తీరలేదు. అయినా దాన్ని సమర్థించేవారు చూపే ప్రధాన ఆధారం హెరొడోటస్ నమ్మని ఆ ఒక్క మాటే. తాను నమ్మినవే వ్రాయాలని ఆయన అనుకొని ఉంటే ఆ ఆధారం నశించేది. ‘చెప్పారు’ అనే క్రియ లేకుండా వ్రాసి ఉంటే, అది నావికుల సాక్ష్యమా, రచయిత ఊహా అన్నది తేలేది కాదు.

థుసిడైడిస్: ‘ఇటువంటివి’, ‘ఇవి’

థుసిడైడిస్ వద్దకు వచ్చేసరికి ‘లెగెతై’ వంటి క్రియల వాడుక బాగా తగ్గింది. సాక్ష్యాలను తానే పరిశీలించి, పోల్చి, ఫలితాన్ని మాత్రమే పాఠకుని ముందుంచడం ఆయన పద్ధతి. అందువల్ల అవి కనిపించిన చోట వాటికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంటుంది. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను చుట్టుముట్టిన మహమ్మారిని వర్ణిస్తూ, అది మొదట ఈజిప్టుకు ఎగువనున్న ఇథియోపియాలో పుట్టిందని ‘చెప్పుకొంటారు’ అన్నాడు (2.48). దాని కారణాలను గురించి వైద్యులైనా సామాన్యులైనా ఎవరికి తోచినది వారు చెప్పుకోవచ్చునన్నాడు. ఆపై, అది ఎలా ఉండేదో ‘లెక్సో’, అంటే ‘చెబుతాను’ అని ఉత్తమ పురుషలో పలికాడు. తాను స్వయంగా ఆ వ్యాధికి గురయ్యానని, ఇతరులు బాధపడడం చూశానని దానికి ఆధారం చూపాడు. ఒకే అధ్యాయంలో ఒకే ధాతువు మూడు స్థాయిల జ్ఞానాన్ని వేరుచేసింది: వదంతి, అభిప్రాయం, అనుభవం.

ప్రసంగాల విషయంలో ఆయన ప్రకటన సుప్రసిద్ధమైనది (1.22). తాను విన్న ప్రసంగాలలోనైనా, ఇతరులు వచ్చి చెప్పిన వాటిలోనైనా పలికిన మాటలను ఖచ్చితంగా గుర్తుంచుకోవడం కష్టమని ఆయన ఒప్పుకున్నాడు. నిజంగా పలికిన దాని మొత్తం ఆశయానికి వీలైనంత దగ్గరగా ఉంటూ, ఆయా సందర్భాలలో ఆయా వక్తలు చెప్పదగినవని తనకు తోచిన మాటలను వ్రాశానని తెలిపాడు. ఇందులో ఒకవైపు వాస్తవానికి కట్టుబడడం, మరొకవైపు రచయిత వివేచన ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి మోసే పదమే ‘తొయాదె’. 1.139లో పెరిక్లీస్ ‘పరేనెయ్ తొయాదె’, అంటే ‘ఇటువంటి హితవు చెప్పసాగాడు’. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రపై చర్చలో నికియాస్, ఆల్సిబయడీస్ ప్రసంగాలను ప్రవేశపెట్టినదీ ఇదే పదబంధం.

ఇక్కడ ఒక జీవిత వాస్తవాన్ని గుర్తుచేసుకోవాలి. క్రీ.పూ. 424లో ఆంఫిపోలిస్ వైఫల్యం తరువాత థుసిడైడిస్ 20 సంవత్సరాలు ప్రవాసంలో గడిపాడు. కాబట్టి యుద్ధారంభంలోని పెరిక్లీస్ ప్రసంగాలను ఆయన స్వయంగా విని ఉండే అవకాశం ఉన్నది గాని, 415నాటి సభలో ఆయన లేడు. విన్న ప్రసంగానికీ, వినని ప్రసంగానికీ ఆయన వాడిన పదబంధం ఒకటే. 1.22లో ఈ రెండు రకాలనూ ఒకే వాక్యంలో చేర్చిన తీరుకు ఇది సరిపోతుంది. అంటే ‘తొయాదె’ అన్న పదం రచయిత సభలో ఉన్నాడా లేడా అన్నది తెలపదు. ఇక్కడ ఉన్నది భావమే గాని పదాలు కావని మాత్రం తెలుపుతుంది.

దీనికి భిన్నమైన పదం ‘తాదె’. దీనికి ‘ఇవి’ అని అర్థం. యుద్ధానికి ముందు వచ్చిన చివరి స్పార్టా రాయబారులు మునుపటి విషయాలేవీ ఎత్తకుండా సరిగ్గా ఇవే పలికారని చెబుతూ, ‘అవుత దె తాదె’ అన్న పదాలతో వారి క్లుప్త సందేశాన్ని థుసిడైడిస్ ఇచ్చాడు (1.139). ద్రోహారోపణకు గురైన స్పార్టా సేనాని పౌసనియస్, పర్షియా రాజు జెర్క్సీస్ పరస్పరం వ్రాసుకొన్న లేఖలను ‘అందులో ఇవి వ్రాయబడి ఉన్నాయి’ అన్న రీతిలో ‘తాదె’తోనే ప్రవేశపెట్టాడు. క్రీ.పూ. 421నాటి నికియాస్ సంధి పాఠానికి ముందున్నదీ ‘కత తాదె’, అంటే ‘ఈ షరతుల మేరకు’ అన్న మాటే.

ఈ భేదాన్ని పరీక్షకు పెట్టేది నికియాస్ లేఖ. క్రీ.పూ. 414 చివరలో సిసిలీ నుండి ఆ సేనాని పంపిన నివేదికను ఏథెన్స్ సభలో నగర లేఖకుడు చదివి వినిపించాడు (7.10). అది లిఖిత పత్రం. అందువల్ల ‘తాదె’ రావాలి. కాని థుసిడైడిస్ వాడినది ‘తొయాదె’. ఆ లేఖ పాఠం కూడా తన మాటలలోనే ఉన్నదని ఆయన చెప్పకనే చెప్పాడు. లేఖ అనగానే యథాతథమని, ప్రసంగమనగానే కల్పితమని విభజించేవారికి ఈ చిన్న పదం హెచ్చరిక వంటిది.

‘తాదె’ అన్నది నిరూపణ కాదు, ప్రతిజ్ఞ మాత్రమే. పౌసనియస్ లేఖల ప్రామాణికతపై పండితులకు సందేహాలు ఉన్నాయి. పత్రాల విషయంలో థుసిడైడిస్ నమ్మకాన్ని సరిచూసే అవకాశం ఒకచోట దొరికింది. క్రీ.పూ. 420లో ఏథెన్స్ ఆర్గోస్, మాంటినియా, ఎలిస్ రాజ్యాలతో చేసుకొన్న ఒప్పందం పాఠం ఆయన గ్రంథంలో ఉన్నది (5.47). అదే ఒప్పందం చెక్కిన పాలరాతి ఫలకం ముక్క ఏథెన్స్‌లో బయటపడింది. రెండింటినీ పోల్చితే పదక్రమంలోనూ పదరూపాలలోనూ స్వల్ప భేదాలు కనిపిస్తాయి గాని విషయంలో అవి దగ్గరగా సరిపోతాయి. పత్రాన్ని పత్రంగా ఇచ్చినప్పుడు ఆయన ఎంత నిష్ఠతో వ్యవహరించాడో ఇది తెలుపుతుంది.

క్రియ లేని చోటు: మెలోస్ సంవాదం

భాషణ క్రియ విలువ అది తొలగిపోయిన చోట మరింత స్పష్టమవుతుంది. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సేన మెలోస్ ద్వీపాన్ని లొంగదీయడానికి వచ్చినప్పుడు, ఏథెన్స్ రాయబారులకూ మెలోస్ పెద్దలకూ జరిగిన సంభాషణ ఐదవ గ్రంథం చివర ఉన్నది. మొదట ఏథెన్స్ వారు ‘ఎలెగోన్ తొయాదె’, మెలోస్ ప్రతినిధులు ‘సమాధానమిచ్చారు’ అన్న క్రియలు ఉన్నాయి. ఆ తరువాత క్రియలు మాయమై, నాటకంలో వలె ఒకరి మాట వెంట మరొకరి మాట వస్తుంది.

ఈ మార్పును ప్రాచీనులే గుర్తించారు. క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన విమర్శకుడు హలికార్నసస్ వాసి డయొనీసియస్, థుసిడైడిస్‌పై వ్రాసిన విమర్శలో, రచయిత మొదట తన గొంతుతో కథనం చేసి, ఒక విడత మాటలు ముగియగానే నాటక పద్ధతికి మారాడని ఎత్తిచూపాడు. ఆ సంభాషణ మూసిన తలుపుల వెనుక కొద్దిమంది నడుమ జరిగింది. తరువాత మెలోస్ లొంగిపోగా, దొరికిన వయోజన పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మారు. అటువంటి ఘట్టంలో చరిత్రకారుడు సాక్ష్యాన్ని సూచించే క్రియను వదిలి వాదనను మాత్రమే మిగిల్చాడు. బలవంతుని న్యాయానికీ బలహీనుని ఆశకూ మధ్య నడిచిన ఆ వాదంలో ఏ మాట నిజంగా పలికినది, ఏది రచయిత కూర్చినది అన్నది తేల్చడానికి వ్యాకరణం సహాయపడదు. ఈ సంవాదాన్ని ఏథెన్స్ రాయబారుల వాంగ్మూలంగా ఉదాహరించేవారు ఈ సంగతిని దృష్టిలో ఉంచుకోవాలి.

ఎనిమిదవ గ్రంథంలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. అక్కడ దీర్ఘమైన ప్రత్యక్ష ప్రసంగాలు లేవు. వక్తల వాదాలు పరోక్ష కథనంలోనే వస్తాయి. ప్రసంగాలు సంఘటనల గమనానికి ఆటంకమని, శ్రోతలకు విసుగని గ్రహించి థుసిడైడిస్ వాటిని మానుకున్నాడని క్రాటిప్పస్ అనే రచయిత అభిప్రాయపడినట్లు డయొనీసియసే తెలిపాడు. గ్రంథం అసంపూర్తిగా మిగిలినందువల్ల ఇలా జరిగిందన్న అభిప్రాయమూ ఉన్నది.

జెనోఫన్, పోలిబియస్

థుసిడైడిస్ ఆపిన చోటు నుండి గ్రీకు చరిత్రను కొనసాగించిన జెనోఫన్ రచనలో సంభాషణకు చనువు ఎక్కువ. మాటల నడుమ ‘ఎఫే’, అంటే ‘అన్నాడు’ అనే చిన్న క్రియను చొప్పించి, మాట్లాడే మనిషిని ఎదుట నిలపడం ఆయన శైలి. అయినా ‘లెగెతై’ విలువ ఆయనకు తెలియనిది కాదు. ముప్పైమంది నిరంకుశుల పాలనలో థెరమెనీస్‌కు మరణశిక్ష పడిన ఘట్టం ఇందుకు ఉదాహరణ (2.3). అతనిని ఈడ్చుకుపోతున్నప్పుడు, మౌనంగా ఉండకపోతే ఏడవవలసి వస్తుందని సటిరస్ బెదిరించగా, మౌనంగా ఉంటే ఏడవనక్కరలేదా అని థెరమెనీస్ ఎదురడిగాడు. విషం త్రాగి, మిగిలిన చుక్కను పానగోష్ఠి ఆటలో వలె విసురుతూ అది తన శత్రువు క్రిటియస్‌కు అని హాస్యమాడాడు. ఈ మాటలను జెనోఫన్ ‘ఇది కూడా అతని మాటగా చెబుతారు’ అన్న రీతిలో ప్రవేశపెట్టాడు. ఇటువంటి చమత్కారాలు చరిత్రలో చేర్చదగినవి కావని తానెరుగుదునని, అయినా మృత్యువు ఎదుట నిలిచినప్పుడు కూడా ఆ మనిషిని వివేకమూ హాస్యమూ వీడకపోవడం మెచ్చదగినదని వివరణ ఇచ్చాడు. అదే ఘట్టంలో సభ ఎదుట థెరమెనీస్ చేసిన దీర్ఘ ప్రసంగానికి లేని జాగ్రత్త ఈ రెండు చిన్న మాటలకు ఉన్నది. జనం నోట తిరిగే మాటకూ సభలో పలికిన మాటకూ ఉన్న తేడాను ఆయన పాటించాడు.

క్రీ.పూ. 2వ శతాబ్దిలో పోలిబియస్ ఈ విషయాన్ని సిద్ధాంతంగా మార్చాడు. పూర్వ చరిత్రకారుడు టిమియస్‌పై 12వ గ్రంథంలో చేసిన తీవ్ర విమర్శలో, అతడు పలికిన మాటలను గాని వాటి నిజమైన సారాన్ని గాని ఇవ్వక, ఇలా మాట్లాడి ఉండాలని తాను అనుకొన్నదాన్ని పాఠశాల విద్యార్థి వలె కూర్చాడని ఆక్షేపించాడు. నిజంగా పలికిన మాటలేవో తెలుసుకోవడం, అవి ఎందుకు ఫలించాయో, ఎందుకు విఫలమయ్యాయో కనుగొనడం చరిత్రకు ప్రత్యేకమైన పని అని ఆయన నిర్ణయం. పోలిబియస్ దృష్టిలో ప్రసంగం అలంకారం కాదు, అది ఒక చర్య. యుద్ధం వలె, సంధి వలె అది కూడా ఫలితాలకు కారణమవుతుంది. కారణాన్ని కల్పిస్తే ఫలితానికి చెప్పే వివరణ కూడా కల్పితమే అవుతుంది.

తెలుగులో ఈ క్రియలు

ఈ క్రియలను తెలుగులోకి తెచ్చే అనువాదకునికి ఒక అనుకూలత, ఒక ప్రమాదం ఉన్నాయి. అనుకూలత ‘అట’ అనే పదం. ‘వచ్చాడు’ అన్నదానికీ ‘వచ్చాడట’ అన్నదానికీ ఉన్న తేడా తెలుగు మాట్లాడే ప్రతివారికీ తెలిసినదే. అరియోన్ కథలోని అసమాపక రూపాలకు ఇంతకంటె సహజమైన అనువాదం లేదు. నావికులు దూకమన్నారట, అతడు పాడి దూకాడట, డాల్ఫిన్ మోసుకొచ్చిందట. ఆ తరువాత ‘తెనారమ్‌లో కంచు విగ్రహం ఉన్నది’ అన్నచోట ‘అట’ ఉండదు. హెరొడోటస్ గీసిన హద్దు తెలుగులో ఉన్నదున్నట్లు నిలుస్తుంది. ‘అని’తో ముగిసే వాక్యం కూడా గ్రీకు ‘హొతి’ నిర్మాణానికి కొంత దగ్గరిది. ‘తాను వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు లోపలి క్రియ పలికిన వ్యక్తి ఉత్తమ పురుషనే నిలుపుకుంటుంది. గ్రీకులో కూడా ‘హొతి’ తరువాత కొన్నిసార్లు వక్త ప్రత్యక్ష వాక్యమే వస్తుంది. ఇంతకు ముందు పేర్కొన్న స్పార్టా రాయబారుల సందేశం అటువంటిదే.

ప్రమాదం ‘ఇట్లనియె’ అనే అలవాటు. పురాణేతిహాస కావ్యాలలో ఒక కథకుడు మరొకరికి చెప్పే కథలో ప్రతి పాత్ర మాటకూ ముందు ఈ పదం వస్తుంది. అక్కడ మాటల యథాతథత్వం అనే ప్రశ్న పుట్టదు. ఆ సంస్కారంతో ‘తాదె’, ‘తొయాదె’ రెండింటినీ ‘ఇలా అన్నాడు’ అని అనువదిస్తే, చరిత్రకారుడు జాగ్రత్తగా వేరుచేసిన రెండు స్థాయిలు ఒకటైపోతాయి. ‘ఈ మాటలు అన్నాడు’, ‘ఇటువంటి మాటలు అన్నాడు’ అని భేదం పాటించడానికి తెలుగులో అడ్డేమీ లేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు ఇవి. గ్రీకు చరిత్రకారులు భాషణ క్రియలను కేవలం వాక్యపూరణకు వాడలేదు. అసమాపక నిర్మాణం, కర్మణి రూపం, కాలభేదం, సర్వనామం ఎంపిక అనే సాధనాలతో తమ పూచీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వారు తెలిపారు. ఈ సాధనాల విలువ రచయితను బట్టి మారుతుంది. హెరొడోటస్ పర్షియన్ల చర్చను ‘తాదె’తోనే ప్రవేశపెట్టాడు. అందువల్ల ఆయన ‘తాదె’కూ థుసిడైడిస్ ‘తాదె’కూ సమాన విలువ ఇవ్వరాదు. ఏ రచయిత పదాన్ని ఆ రచయిత ఆచారంతోనే తూచాలి.

మొదట ప్రస్తావించిన ప్రసంగానికి ఈ నిర్ణయాన్ని అన్వయిస్తే, అది పెరిక్లీస్ పదాల ప్రతి కాదు. థుసిడైడిస్ వట్టి కల్పన అనడానికి కూడా ఆయన వాక్యం అవకాశమివ్వదు. ఆ సభలో వినిపించిన వాదపు ఆశయాన్ని, దానిని విని ఉండగల ఒక సమకాలికుడు తన మాటలలో నిలిపిన పాఠం అది. ‘పెరిక్లీస్ ఇలా అన్నాడు’ అని గాక ‘పెరిక్లీస్ ఇటువంటి మాటలు అన్నాడని థుసిడైడిస్ వ్రాశాడు’ అని చెప్పడమే ఆ పాఠానికి న్యాయం. వాక్యం కొంత పొడవైనా, ఎవరి మాటకు ఎవరు పూచీ అన్నది అందులో తెలుస్తుంది.